జంట తారల మధ్య అయస్కాంత పగ్గం

హెర్క్యులిస్ నక్షత్ర మండలంలో ఏఎమ్ హెర్క్యులిస్ అనే మసక చుక్క ఒకటి ఉంది. మామూలు కంటికి ఆనదు, టెలిస్కోప్ ఉండాల్సిందే. దాని వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉంటుందని శాస్త్రవేత్తలకు ఎప్పటినుంచో తెలుసు. కారణం మాత్రం అంతుపట్టలేదు. 1976లో శాంటియాగో టాపియా అనే ఖగోళ శాస్త్రవేత్త ఆ వెలుగు ఎంత ఉందో కొలవడంతో ఆగకుండా, కాంతి తరంగాలు ఏ తీరులో ఊగుతున్నాయో కూడా చూశారు. అవి మర చుట్టుకున్నట్టు ఒకే వైపు మెలితిరుగుతూ వస్తున్నాయి. దీన్ని వృత్తీయ ధ్రువణం అంటారు. మామూలు నక్షత్రాల కాంతిలో ఇది దాదాపు సున్నా. అది అంత స్పష్టంగా కనిపించిందంటే ఆ కాంతి బలమైన అయస్కాంత క్షేత్రంలో పుట్టిందని అర్థం.

ఎంత బలమైనది? ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి. అయస్కాంత క్షేత్రంలో చిక్కిన ఎలక్ట్రాన్ క్షేత్ర రేఖ చుట్టూ గిరగిరా తిరుగుతుంది. క్షేత్రం ఒక గాస్ (అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం) ఉంటే సెకనుకు 28 లక్షల చుట్లు తిరుగుతుంది. క్షేత్రం ఎన్ని రెట్లు పెరిగితే చుట్లూ అన్ని రెట్లు పెరుగుతాయి. సెకనుకు ఎన్ని చుట్లు తిరిగితే అన్నిసార్లు ఊగే కాంతిని వెదజల్లుతుంది. ఇలా సెకనుకు ఊగే సార్లను పౌనఃపున్యం అంటారు. కంటికి కనిపించే పచ్చని కాంతి రావాలంటే సుమారు 20 కోట్ల గాస్ కావాలి. భూమి మీద దిక్సూచి ముల్లును తిప్పే క్షేత్రం అర గాస్ ప్రాంతంలో ఉంటుంది కాబట్టి, 20 కోట్లు అనే మొదటి అంచనా అందరినీ ఆశ్చర్యపరిచింది. తర్వాత తేలిందేమిటంటే, ఆ ఎలక్ట్రాన్లు అసలు పౌనఃపున్యంతో పాటు దాని గుణిజాలలోనూ కాంతిని వెదజల్లుతున్నాయి. వీణ తీగ మీటితే అసలు స్వరంతో పాటు పై స్వరాలు కూడా పలికినట్టే. మనకు కనిపిస్తున్నది ఆ పై స్వరాలే. అసలు క్షేత్రం సుమారు 1.4 కోట్ల గాస్. అది కూడా తక్కువేమీ కాదు.

ఏఎమ్ హెర్క్యులిస్ ఒక్క నక్షత్రం కాదు, జంట. ఒకటి శ్వేత కుబ్జతార. సూర్యుడి లాంటి నక్షత్రం ఇంధనం అయిపోయాక మిగిలే గట్టి గుండె అది. పరిమాణంలో భూమికి అటూ ఇటూ ఉంటుంది, బరువులో సూర్యుడితో పోటీ పడుతుంది. రెండోది చిన్న ఎర్ర నక్షత్రం, అరుణ కుబ్జతార. రెండూ సుమారు మూడు గంటల ఆరు నిమిషాలకు ఒకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. వాటి మధ్య దూరం భూమికీ చంద్రుడికీ ఉన్న దూరానికి రెట్టింపు ఉంటుందేమో, అంతే. అంత దగ్గరలో ఉండేసరికి ఎర్ర నక్షత్రం పై పొరల్లోని వాయువును శ్వేత కుబ్జతార గుంజేసుకుంటోంది.

ఇలాంటి జంటల్లో మామూలుగా జరిగేది వేరు. వాయువు నేరుగా వచ్చి పడదు, చుట్టూ తిరుగుతూ పళ్లెం లాంటి చక్రంగా పరుచుకుని, నెమ్మదిగా లోపలికి జారుతుంది. ఏఎమ్ హెర్క్యులిస్‌లో ఆ చక్రమే లేదు. ఉత్తర, దక్షిణ ధ్రువాలు రెండున్న ఇలాంటి ద్విధ్రువ క్షేత్రం బలం దూరం ఘనానికి తగ్గట్టు పడిపోతుంది, అంటే దూరం రెట్టింపైతే బలం ఎనిమిదో వంతే మిగులుతుంది. శ్వేత కుబ్జతార వ్యాసార్ధానికి 60 రెట్ల దూరంలో, అంటే వాయువు తోడు నక్షత్రం నుంచి బయటపడే చోటుకు దగ్గర్లో, క్షేత్రం రెండు లక్షల రెట్లకు పైగా తగ్గాలి. అంత తగ్గినా 65 గాస్ దాకా మిగులుతుంది. భూమి క్షేత్రానికి వంద రెట్లు పైమాటే. పల్చటి వాయువును అదుపు చేయడానికి అది చాలు. బయలుదేరిన కాసేపటికే వాయువు క్షేత్ర రేఖల చేతికి చిక్కుతుంది. ఆ రేఖల వెంటే కాలువలో నీళ్లలా పారి, శ్వేత కుబ్జతార ధ్రువాల దగ్గర సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో గుద్దుకుంటుంది. అక్కడ ఉష్ణోగ్రత పది కోట్ల డిగ్రీల స్థాయికి చేరుతుంది, ఎక్స్‌రేలు పుడతాయి.

నిజానికి ఈ జంటలో పెద్ద బలం గురుత్వాకర్షణే. రెండు నక్షత్రాలను కట్టిపడేసేది అదే, వాయువును గుంజేదీ అదే. అయస్కాంత శక్తి దాని ముందు చాలా చిన్నది. కానీ గురుత్వం ఎటు లాగినా, వాయువు ఏ దారిన వెళ్లాలో, ఎక్కడ పడాలో, అసలు పడాలో వద్దో తేల్చేది అయస్కాంత క్షేత్రమే. ఎద్దు బలం ముందు ముకుతాడు ఎంతది? అయినా ఎద్దు నడిచేది ముకుతాడు లాగిన వైపే కదా. జంట తారల గురించి చెప్పేటప్పుడు అయస్కాంత క్షేత్రాన్ని ఏదో అదనపు విశేషంలా చివర్లో ప్రస్తావించి వదిలేయడం చాలాచోట్ల కనిపిస్తుంది. అది పొరపాటు. ఈ జంటల పుట్టుక, నడక, ముగింపు మూడింట్లోనూ దాని పాత్ర ఉంది.

ఏఎమ్ హెర్క్యులిస్ లాంటి జంటలకు ఇప్పుడు పోలార్లు అని పేరు. వీటిలో క్షేత్రం ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, శ్వేత కుబ్జతార తన చుట్టూ తాను తిరిగే కాలం, జంట తిరిగే కాలం ఒకటైపోతాయి. ఒకే ముఖం ఎప్పుడూ తోడు నక్షత్రం వైపే ఉంటుంది. ఈ పట్టు అప్పుడప్పుడు తప్పుతుంది కూడా. 1975లో హంస మండలంలో పెద్ద నోవాగా, అంటే పైన పేరుకున్న వాయువు ఒక్కసారిగా అంటుకుని, పేలిన వీ1500 సిగ్నీ అలాంటిదే. పేలుడు దెబ్బకు లంకె ఊడి, శ్వేత కుబ్జతార జంట కాలం కన్నా సుమారు రెండు శాతం వేగంగా తిరగడం మొదలుపెట్టింది. తర్వాతి కొలతల్లో ఆ వేగం నెమ్మదిగా తగ్గుతున్నట్టు తేలింది. క్షేత్రం మళ్లీ తాళం వేసే పనిలో ఉందన్నమాట. ఒక మనిషి జీవితకాలంలో ఒక నక్షత్రం తిరిగే తీరు మారడం చూడగలగడం చాలా అరుదు.

క్షేత్రం ఇంతకన్నా బలహీనంగా ఉంటే మధ్యస్థ పోలార్లు ఏర్పడతాయి. వాటిలో చక్రం ఉంటుంది కానీ దాని లోపలి భాగం తినేసినట్టు ఖాళీగా ఉంటుంది. అక్కడి నుంచి లోపలికి క్షేత్ర రేఖలదే రాజ్యం. క్షేత్రం మరీ బలహీనమైతే చక్రం నక్షత్రం దాకా సాగుతుంది. సరిహద్దు ఎక్కడన్నది, వాయువు మోసుకొచ్చే ఒత్తిడికీ అయస్కాంత ఒత్తిడికీ మధ్య తూకం మీద ఆధారపడి ఉంటుంది. వాయు ప్రవాహం పెరిగితే సరిహద్దు లోపలికి జరుగుతుంది, తగ్గితే బయటికి.

నక్షత్రం మరీ వేగంగా తిరుగుతుంటే కథ అడ్డం తిరుగుతుంది. కుంభ రాశిలోని ఏఈ అక్వేరియైలో శ్వేత కుబ్జతార 33 సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది. జంట చుట్టు మాత్రం దాదాపు పది గంటలు. తోడు నక్షత్రం నుంచి వాయువు వస్తూనే ఉంటుంది. కానీ అంత వేగంగా తిరిగే క్షేత్ర రేఖలకు తగలగానే వడిసెల రాయిలా విసిరివేయబడుతుంది. వచ్చిన దాంట్లో ఎక్కువ భాగం నక్షత్రాన్ని చేరదు, జంటను వదిలే పోతుంది. ఆ విసిరే శక్తి ఎక్కడిది? శ్వేత కుబ్జతార భ్రమణం నుంచే. అందుకే అది క్రమంగా నెమ్మదిస్తోంది, ఆ నెమ్మదించడాన్ని కొలిచారు కూడా.

వృశ్చిక రాశిలోని ఏఆర్ స్కార్పీ ఇంకా విచిత్రం. 1970ల్లో దీన్ని వెలుగు మారే ఒంటరి నక్షత్రంగా జమకట్టి పక్కన పెట్టేశారు. 2015లో ఔత్సాహిక పరిశీలకులు దీని ప్రవర్తన తేడాగా ఉందని గుర్తించారు. వృత్తి శాస్త్రవేత్తలు వాళ్లతో కలిసి తవ్వితే అసలు సంగతి బయటపడింది. 117 సెకన్లకు ఒకసారి తిరిగే శ్వేత కుబ్జతార, మూడున్నర గంటల కక్ష్యలో ఉన్న ఎర్ర నక్షత్రాన్ని తన క్షేత్రంతో కొరడాతో కొట్టినట్టు కొడుతోంది. దెబ్బ పడిన ప్రతిసారీ ఎలక్ట్రాన్లు కాంతి వేగానికి దగ్గరగా దూసుకుపోయి, రేడియో నుంచి అతినీలలోహితం దాకా వెలుగుతాయి. అర నిమిషంలో వెలుగు నాలుగు రెట్లు మారిపోయే సందర్భాలున్నాయి. ఇక్కడ పడే వాయువంటూ దాదాపు ఏమీ లేదు. వెలుగంతా భ్రమణం, అయస్కాంతం కలిసి ఇచ్చేదే. వేగంగా తిరుగుతూ లయగా మినుకుమనే తారను పల్సర్ అంటారు. శ్వేత కుబ్జ పల్సర్ అని పేరు తెచ్చుకున్న మొదటి జంట ఇది. 2023లో ఇలాంటిదే రెండోది దొరికింది.

శ్వేత కుబ్జతార స్థానంలో న్యూట్రాన్ తార, అంటే భారీ నక్షత్రం పేలాక మిగిలే, ఒక నగరమంత పరిమాణానికి కుదించుకుపోయిన గుండె, ఉంటే సూత్రాలు అవే, అంకెలే మారతాయి. హెర్క్యులిస్ ఎక్స్-1లో న్యూట్రాన్ తార 1.24 సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది. జంట కాలం 1.7 రోజులు. 1976లో బెలూన్ ద్వారా పైకి పంపిన పరికరాలతో యోకిమ్ ట్రంపర్ బృందం దాని ఎక్స్‌రే వర్ణపటంలో ఒక గుర్తు పట్టింది. ఏఎమ్ హెర్క్యులిస్‌లో చూసిన ఎలక్ట్రాన్ల భ్రమణమే ఇక్కడ ఎక్స్‌రే శక్తుల్లో కనిపించింది. దాన్నుంచి లెక్కగడితే క్షేత్రం మూడు నాలుగు లక్షల కోట్ల గాస్ వస్తుంది. ఒక న్యూట్రాన్ తార క్షేత్రాన్ని నేరుగా కొలవడం అదే మొదలు. ఇలాంటి జంటలోనే కోట్ల ఏళ్లు వాయువు మీద పడుతూ పోతే న్యూట్రాన్ తార వేగం పెరిగి, సెకనుకు వందల చుట్లు తిరిగే పల్సర్‌గా మారుతుంది. అలాంటి పల్సర్లలో క్షేత్రం పది కోట్ల గాస్ ప్రాంతానికి పడిపోయి ఉంటుంది. మీద పడిన పదార్థం కింద క్షేత్రం పూడుకుపోయిందా, లేక క్షీణించిందా అన్న చర్చ ఇంకా నడుస్తోంది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చచ్చిన నక్షత్రాల సంగతులు. బతికున్న జంటల్లో అయస్కాంతం పని ఇంత ఆర్భాటంగా కనిపించదు. కానీ ఏఎమ్ హెర్క్యులిస్ లాంటివి అంత దగ్గరికి రావడంలో దాని చేయి ఉంది కాబట్టి, ఈ భాగం కొంచెం నిదానంగా చూడాలి.

సూర్యుడి నుంచి సెకనుకు పది లక్షల టన్నులకు పైగా పదార్థం గాలిలా వీస్తూ పోతోంది. సూర్యుడి బరువు ముందు అది లెక్కలోకి రాదు. కానీ ఆ గాలి అయస్కాంత రేఖల వెంట చాలా దూరం దాకా సూర్యుడితో కలిసి తిరుగుతూ పోయి, తర్వాత విడిపోతుంది. గుండ్రంగా తిరిగే మనిషి చేతులు చాచితే వేగం తగ్గుతుంది కదా. ఇక్కడ చాచిన చేతులు అయస్కాంత రేఖలు. పోయే పదార్థం కొంచెమే అయినా, అంత దూరం నుంచి పోతుంది కాబట్టి కోణీయ ద్రవ్యవేగాన్ని, అంటే తిరుగుడులో ఉన్న ఊపును, బాగా పట్టుకుపోతుంది. పుట్టిన కొత్తలో వేగంగా తిరిగిన సూర్యుడు ఇప్పుడు ఒక చుట్టుకు పాతిక రోజులకు పైగా తీసుకోవడానికి కారణం ఇదే. దీన్ని అయస్కాంత బ్రేక్ అంటారు.

జంటలో ఈ బ్రేక్ వింతగా పనిచేస్తుంది. దగ్గరి జంటల్లో ఆటుపోటు బలాల వల్ల నక్షత్ర భ్రమణం కక్ష్యకు లంకె పడి ఉంటుంది. గాలి నక్షత్రాన్ని నెమ్మది చేయబోతే, ఆటుపోట్లు కక్ష్యలోంచి కోణీయ ద్రవ్యవేగం తెచ్చి ఆ లోటు పూడుస్తాయి. కక్ష్య తన సొమ్ము పోగొట్టుకుని కుంచించుకుపోతుంది. కుంచించుకున్న కక్ష్యలో నక్షత్రాలు ఇంకా వేగంగా తిరుగుతాయి. బ్రేక్ వేస్తే వేగం పెరగడమన్నమాట! వేగం పెరిగితే లోపలి డైనమో, అంటే ఉడికే వాయువు కదలికతో క్షేత్రాన్ని పుట్టించే ఏర్పాటు, ఇంకా బలమైన క్షేత్రాన్ని పుట్టిస్తుంది, బ్రేక్ ఇంకా బిగుస్తుంది. ఇలా దగ్గరికి లాగబడిన జంటలే చివరికి వాయువు పంచుకునే స్థితికి వస్తాయి.

ఈ వివరణకు ఆకాశంలో ఒక సాక్ష్యం చూపిస్తారు. శ్వేత కుబ్జతార, ఎర్ర నక్షత్రం కలిసిన జంటల కక్ష్యా కాలాలను లెక్కవేస్తే రెండు, మూడు గంటల మధ్య చాలా తక్కువ జంటలు కనిపిస్తాయి. కాలం మూడు గంటలకు వచ్చేసరికి ఎర్ర నక్షత్రం బాగా చిక్కిపోయి, లోపల మొత్తం ఉడుకుతూ కలియబెట్టే స్థితికి వస్తుంది. అప్పుడు బ్రేక్ ఒక్కసారిగా సడలుతుంది, నక్షత్రం కొంచెం ముడుచుకుంటుంది, వాయు ప్రవాహం ఆగుతుంది, జంట కనుమరుగవుతుంది. గురుత్వ తరంగాలు మాత్రం కక్ష్యను లాగుతూనే ఉంటాయి. రెండు గంటల దగ్గర మళ్లీ వాయు ప్రవాహం మొదలై జంట వెలుగులోకి వస్తుంది. వినడానికి చక్కగా ఉంది, కానీ ఒక చిక్కు ఉంది. మొత్తం ఉడికే ఒంటరి ఎర్ర నక్షత్రాల్లోనూ బలమైన క్షేత్రాలు కనిపిస్తున్నాయి. కాబట్టి క్షేత్రం బలం తగ్గడం వల్ల బ్రేక్ సడలిందనడం కన్నా, దాని రూపం మారడం వల్ల అనడమే నమ్మదగినదిగా ఉంది. పోలార్లలో ఈ ఖాళీ అంత స్పష్టంగా కనిపించకపోవడం కూడా గమనించాలి. అక్కడ శ్వేత కుబ్జతార క్షేత్రమే తోడు నక్షత్రపు గాలిని బంధించి, బ్రేక్‌ను బలహీనం చేస్తుందని వివరిస్తారు.

ఆల్గాల్ అనే చుక్క పేరు ఆకాశం గురించి చదివే వాళ్లందరికీ పరిచయమే. 1783లో జాన్ గుడ్రిక్, ఇరవై ఏళ్లు కూడా నిండని బధిర యువకుడు, అది రెండు రోజుల 21 గంటలకు ఒకసారి మసకబారుతుందని కొలిచి చెప్పారు. ఒక చల్లని ఉబ్బిన నక్షత్రం వేడి నక్షత్రానికి అడ్డు రావడమే కారణం. దూరంగా మూడోది ఒకటి దాదాపు 680 రోజులకు ఒకసారి ఈ జంటను చుట్టి వస్తుంది. ఆ చల్లని నక్షత్రం కక్ష్యకు లంకె పడి సూర్యుడి కన్నా ఎన్నో రెట్లు వేగంగా తిరుగుతుంది కాబట్టి అయస్కాంతపరంగా చాలా చురుకైనది. ఖండాల మధ్య పరుచుకున్న రేడియో టెలిస్కోపులను కలిపి తీసిన చిత్రాల్లో, 2010లో, దాని మీద నుంచి లేచిన భారీ అయస్కాంత వలయం కనిపించింది. అది వేడి నక్షత్రం వైపు తిరిగి ఉంది. సూర్యుడి మీద లేచే వలయాలు ఏ దిక్కుకైనా లేస్తాయి. ఇక్కడ తోడు ఉన్న వైపే లేవడం చూస్తే, పక్కనున్న నక్షత్రం డైనమో రూపాన్ని కూడా మారుస్తోందనిపిస్తుంది.

పునర్వసు జంట చుక్కల్లో ఒకటైన కాస్టర్‌లో నిజానికి ఆరు నక్షత్రాలున్నాయి. వాటిలో రెండు చిన్న ఎర్ర నక్షత్రాలు ఒక్క రోజు కూడా పట్టకుండా ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. వాటి ఉపరితలంపై సగటు క్షేత్రం మూడు వేల గాస్ పైనే. సూర్యుడి మీద అంత క్షేత్రం మచ్చల్లో మాత్రమే ఉంటుంది. వృషభ రాశిలోని డీక్యూ టౌ అనే పసి జంటది మరో తీరు. కోలగా సాగిన కక్ష్యలో 15.8 రోజులకోసారి దగ్గరికి వస్తాయి. అప్పుడు రెండింటి అయస్కాంత మండలాలు ఒకదానికొకటి రాసుకుని, రేఖలు తెగి మళ్లీ అతుక్కుంటూ మిల్లీమీటరు తరంగాల్లో మెరుపులు విసురుతాయి.

ఇక అసలు చిక్కుముడి భారీ నక్షత్రాల దగ్గర ఉంది. సూర్యుడి లాంటి నక్షత్రాల్లో పై పొరలు ఉడుకుతూ డైనమోను నడుపుతాయి. సూర్యుడికి ఎన్నో రెట్ల బరువుండే వేడి నక్షత్రాల్లో అలాంటి ఉడుకు పొర లేదు. అయినా వాటిలో నూటికి ఏడు నుంచి పది వాటికి బలమైన, స్థిరమైన క్షేత్రాలున్నాయి. మిగతా తొంభై శాతంలో అలాంటిది కనిపించలేదు. ఎందుకీ తేడా? పుట్టిన మేఘం నుంచే క్షేత్రం సంక్రమించిందనుకుంటే, దగ్గరి జంటల్లోనూ ఇదే నిష్పత్తి కనిపించాలి. బినామిక్స్ అనే సర్వేలో దగ్గరి భారీ జంటలను వెదికితే రెండు శాతం కూడా రాలేదు. రెండు భారీ నక్షత్రాలూ అయస్కాంతాలైన జంట అని 2015లో గుర్తించిన ఎప్సిలాన్ లూపీ అందుకే అంత అపురూపం. నాలుగున్నర రోజుల కక్ష్యలో అవి దగ్గరికి వచ్చినప్పుడల్లా రేడియో వెలుగు ఎగసిపడుతుందని 2023లో పుణె దగ్గరి జీఎంఆర్టీ, దక్షిణాఫ్రికాలోని మీర్‌క్యాట్ టెలిస్కోపులతో చూశారు.

దగ్గరి జంటల్లో క్షేత్రం అరుదు, ఒంటరి భారీ నక్షత్రాల్లో అంత అరుదు కాదు. దీనికి ఒక సమాధానం ఉంది: ఆ ఒంటరివి ఒకప్పుడు జంటలు. రెండు నక్షత్రాలు ఢీకొని ఒకటైనప్పుడు లోపలి వాయువు కవ్వంతో చిలికినట్టు చిలకబడుతుంది, క్షేత్ర రేఖలు సాగి, మెలిపడి, ఎన్నో రెట్లు బలపడతాయి. 2019లో ఫాబియన్ ష్నైడర్ బృందం కంప్యూటర్‌లో ఈ కలయికను నడిపి చూసింది. నిజంగానే బలమైన, నిలిచే క్షేత్రం వచ్చింది. జ్యేష్ఠ నక్షత్రం పక్కనే ఉన్న టౌ స్కార్పీని వాళ్లు ఉదాహరణగా చూపించారు. అది అయస్కాంత నక్షత్రం, పైగా తనతో పుట్టిన తోటి నక్షత్రాల కన్నా చిన్న వయసుదానిలా కనిపిస్తుంది. రెండు నక్షత్రాల ఇంధనం కలిస్తే వచ్చే యవ్వనం అది.

2024లో మరింత గట్టి ఆధారం దొరికింది. హెచ్‌డీ 148937 అనే జంట మన నుంచి సుమారు 3,800 కాంతి సంవత్సరాల దూరంలో, ధూళి వాయువుల మేఘం మధ్యలో ఉంది. రెండూ భారీ నక్షత్రాలే, రెండూ కలిసి పుట్టి ఉండాలి. కానీ అయస్కాంతం ఉన్నది రెండో దాని కన్నా కనీసం 15 లక్షల ఏళ్లు చిన్నదిగా తేలింది. చుట్టూ ఉన్న మేఘం వయసు ఏడున్నర వేల ఏళ్లే. అంటే మొదట మూడు నక్షత్రాలుండేవి, లోపలి రెండు కలిసిపోయాయి, ఆ కలయికలో ఎగిరిన పదార్థమే ఈ మేఘం. మిగిలిన మూడోది ఇప్పుడు తోడుగా ఉంది. ఆ అయస్కాంత క్షేత్రం, పోయిన తోబుట్టువు వదిలి వెళ్లిన గుర్తు.

అయితే చిన్న నక్షత్రాల వైపు తిరిగొస్తే, ఏఎమ్ హెర్క్యులిస్ క్షేత్రానికి ఇదే సమాధానం సరిపోవడం లేదు. వాయువు పంచుకునే శ్వేత కుబ్జ జంటల్లో మనకు దగ్గర్లో ఉన్న వాటిని లెక్కిస్తే, మూడింట ఒక వంతుకు పైగా అయస్కాంతాలే. అవన్నీ ఒకప్పుడు వాయువు పంచుకోని విడి జంటలుగా ఉండి ఉండాలి. అలాంటి విడి జంటల్లో వెదికితే అయస్కాంత శ్వేత కుబ్జాలు దాదాపు కనిపించవు. తల్లిదండ్రులు లేకుండా పిల్లలు పుట్టినట్టుంది. 2021లో మథియాస్ ష్రైబర్ బృందం ఒక మార్గం చూపింది. శ్వేత కుబ్జతార చల్లబడే కొద్దీ దాని గుండె గడ్డకట్టి స్ఫటికంలా మారుతుంది. అదే సమయంలో తోడు నుంచి పడే వాయువు దాన్ని వేగంగా తిప్పుతుంటే, గడ్డకట్టని పొరల్లో డైనమో మొదలవుతుంది. క్షేత్రం తర్వాత పుట్టినదైతే ముందు కనిపించకపోవడం సహజమే. ఏఆర్ స్కార్పీ లాంటివి ఆ మధ్య దశలో ఉన్నవనుకోవచ్చు. ఈ డైనమోకు కోట్ల గాస్ పుట్టించే సత్తా ఉందా అని అడిగేవాళ్లూ ఉన్నారు, ఆ ప్రశ్న సబబైనదే. దీన్ని పరీక్షించే దారి మాత్రం స్పష్టంగా ఉంది. ఇంకా వేడిగా, గుండె గడ్డకట్టని శ్వేత కుబ్జాలున్న జంటల్లో బలమైన క్షేత్రాలు వరసగా దొరికితే ఈ వివరణ నిలవదు. చల్లబడిన వాటిలోనే దొరుకుతూ పోతే నిలుస్తుంది. ఇప్పటిదాకా విడి జంటల్లో దొరికిన కొద్దిపాటి అయస్కాంత శ్వేత కుబ్జాలు ఎక్కువగా చల్లనివే.